అయిదింటి పిలుపు

డాక్టరు రిపోర్టు మీంచి తలెత్తి, తల్లికీ కూతురికీ కలిపి చెప్పాల్సిన మాట కూతురొక్కదానికే చెప్పింది.

"పదిహేనేళ్ళకి ఈ రిపోర్టేంటమ్మా? షుగర్ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. కాలేయానికి కొవ్వు పట్టింది. ఇప్పుడు నోరు కట్టుకోకపోతే వచ్చే ఏడాది నుంచి మాత్రలు మింగాల్సిందే. సాయంత్రం స్కూలు నుంచొచ్చి ఏం తింటున్నావ్, నిజం చెప్పు."

నిజం చెప్పే అవకాశం పిల్లకి రాలేదు. పక్క కుర్చీలోంచి తల్లి అందుకుంది.

"ఏం చెప్పమంటారు డాక్టర్‌గారూ! ఫోన్ తీస్తుంది, ఆర్డర్ పెడుతుంది. బర్గర్లు, వేయించిన చికెన్, పక్కన ఇంత పొడుగు కూల్‌డ్రింకు. చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. వింటేగా! మనం చెబితే ఎక్కుతుందా ఈ కాలం పిల్లలకి?"

"నిజమే, ఈ కాలం పిల్లలు..." అని డాక్టరు నిట్టూర్చింది. పెద్దవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఓదార్పుగా తలలూపుకున్నారు. పెద్దవాళ్ళకి ఈ తలూపుడొకటి భలే దొరికింది. తప్పంతా పిల్లదేనని తేలిపోతే చాలు, ఇక గదిలో అందరికీ హాయి. రోగం వచ్చిన పిల్లకి తప్ప.

పిల్ల బిత్తరపోయి తల్లి వైపు చూసింది. రోజూ సాయంత్రం తినమని పిలిచేది ఈవిడే కదా! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది. అమ్మ బయటివాళ్ళ ముందు అలా అందంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. ఉన్నమాట చెబితే అమ్మ ఉద్యోగానికి ముప్పేమో, లేదా డాక్టరు అమ్మ మీద విరుచుకుపడుతుందేమో. అందుకని తల వంచుకుని, "ఇక తినను డాక్టర్‌గారూ," అంది. నేరమంతా తన నెత్తినే వేసుకుంది.

అంత అమాయకత్వం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పుకోవాలి.

తల్లి పనిచేసేది, ఆర్డరిస్తే ఇంటికి తిండి తెచ్చిచ్చే ఒక యాప్ కంపెనీలో. వండే పని కాదు, మోసుకెళ్ళే పనీ కాదు. ఫోన్ల మీద టింగుమని వచ్చి పడే చిన్న చిన్న మాటలు రాసే పని. 'వాన పడుతోందిగా, వేడివేడిగా ఏమైనా?', 'పరీక్ష పోయిందా? పోతే పోనీ, పిజ్జా ఉంది!' ఇలాంటివి. స్వతహాగా మాటకారి మనిషి. ఆవిడ నోరు విప్పితే పెళ్ళివారి మధ్యనైనా ఆస్పత్రి వరండాలోనైనా పదిమంది చుట్టూ చేరి నవ్వేవాళ్ళు. ఆ నోటికి కంపెనీవాళ్ళు జీతమిచ్చి కుర్చీ వేశారు.

చేరిన కొత్తలో రాసిన ప్రతి మాటా ముందు కూతురి ఫోన్‌కే వచ్చేది. ఏ మెసేజ్‌నైనా జనం మీదికి వదిలే ముందు కొన్ని ఫోన్లకి పంపి చూడటం వాళ్ళ పద్ధతి. ఆ ఫోన్లలో కూతురి నంబరు కూడా తనే చేర్చింది. "నవ్వొస్తే వచ్చిందని చెప్పు, రాకపోతే మొహమాటపడకు," అనేది. పిల్ల కొన్నిటికి సోఫాలో పడి దొర్లేది, కొన్నిటికి ముక్కు విరిచేది. తల్లీకూతుళ్ళకి అదొక ఆట. తర్వాత ప్రమోషన్ వచ్చింది. గది మారింది, ఇంటికొచ్చే వేళ రాత్రి భోజనాల దాకా జరిగింది, ఆట ఆగిపోయింది. నంబరు మాత్రం తియ్యాలని ఎవరికీ గుర్తు రాలేదు.

తండ్రి రోడ్ల సర్వే పని మీద ఊళ్ళు పట్టుకు తిరిగి ఆదివారానికి తేలే మనిషి. కనక స్కూలు బస్సు దిగి తాళం తీసుకుని లోపలికొచ్చేది పిల్ల ఒక్కతే. మొదట్లో తల్లి కోసిన పండ్లో, ఉడికించిన మొక్కజొన్న గింజలో డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి వెళ్ళేది. రెండుమూడుసార్లు డబ్బా పెట్టింది పెట్టినట్టే కనిపించేసరికి, "చేసినా తినదు, ఎందుకొచ్చిన శ్రమ," అని మానేసింది. ఎందుకు తినలేదని ఒక్కమాట అడగలేదు. అడిగితే తెలిసేది. ఫ్రిజ్ తలుపు దగ్గర ఒక్కతే నిలబడి చల్లటి డబ్బాలోంచి తినబుద్ధి కాక తినలేదు, అంతే.

పిల్లకి ఇంట్లో పేరు పిచ్చుక. పుట్టినప్పుడు గుప్పెడుండేదట, అన్నం కూడా గింజా గింజా ఏరుకు తినేదట, అలా తల్లి పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు ఒళ్ళు చేశాక ఆ పేరు క్లాసులో ఎవరి చెవినైనా పడితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారని దాన్ని గడప దాటనిచ్చేది కాదు. అమ్మకి, నాన్నకి, తనకి తప్ప ఇంకెవరికీ ఆ పేరు తెలీదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం, తల్లి తల దువ్వుతుంటే పిచ్చుక మనసు విప్పింది.

"అయిదింటికి తాళం తీసి లోపలికి రాగానే ఇల్లు మింగేసేట్టు ఉంటుందమ్మా. ఎవరూ లేరని తెలిసి కూడా 'అమ్మా' అని పిలుస్తాను. పిలిచాక ఏడుపొస్తుంది."

దువ్వెన ఆగింది. తల్లి కూతురి తల గుండెకి ఆనించుకుని, "నేనున్నాగా పిచ్చుకా," అంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, పిల్ల బూట్లు విప్పుకుంటుంటే ఫోన్ టింగుమంది.

'ఏంటి పిచ్చుకా, ఇంట్లో ఎవరూ లేరా? నేనున్నాగా! చెప్పు, ఏం తింటావ్?'

ఒక బూటు కాలికి ఉండగానే ఆ మాట మళ్ళీ మళ్ళీ చదువుకుంది. మర్నాడు అదే వేళకి మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మీరైతే ఏమనుకునేవారు? అమ్మ రాలేక, తన చేతిలో ఉన్న దారిన తనని పిలుస్తోందనుకోరూ? కంపెనీ సరంజామాని సొంతానికి వాడుకుంటోంది కాబట్టి గుట్టుగా ఉంచాలి కాబోలు అని పిల్ల తనకి తానే సర్దిచెప్పుకుంది. ఒకసారి ఉండబట్టలేక, "అయిదింటికి భలే గుర్తుంచుకుంటావమ్మా," అంది. తల్లి లాప్‌టాప్‌లోంచి తల తిప్పకుండా "ఊఁ" అంది. పిల్లకి ఆ "ఊఁ" చాలింది.

తల్లి కార్డు ఆ యాప్‌లో ఎప్పుడో ఎక్కించి ఉంది. కాబట్టి అమ్మే పిలుస్తోంది, అమ్మే పెడుతోంది. తిండి వచ్చాక ఫోన్‌ని మంచినీళ్ళ గ్లాసుకి ఆనించి, ఆ మెసేజ్‌ని ఎదురుగా పెట్టుకుని తినేది. మొదట్లో బర్గర్ ఒక్కటే. 'ఇంకేమైనా?' అని యాప్ అడిగితే కాదనలేక చికెన్, చికెన్ తర్వాత కూల్‌డ్రింకు, ఆ పైన ఐస్‌క్రీమ్. ఆకలి ఎప్పుడు తీరిందో ఆ పిల్లకి గమనమే ఉండేది కాదు. తల్లి నెలకోసారి కార్డు చూసుకుని గొణిగేది. అది నాన్న వినడానికి అంటున్న మాటలే అనుకునేది పిచ్చుక.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు కూడా పిలుపొచ్చింది. పిల్లకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమ్మ అక్కడ వద్దంటుంది, ఇక్కడ రమ్మంటుంది! తినకపోతే అమ్మని కాదన్నట్టు, తింటే డాక్టరుకి అబద్ధమాడినట్టు. చివరికి ఒక గిన్నెడు సలాడ్ తెప్పించుకుని, అందులో కీరా ముక్కలు నములుతూ ఏడ్చింది. ఆ పిల్ల అలా నలిగిపోతుంటే, ఆఫీసులో ఎవరో ఆ ఆర్డరు చూసి సంబరపడి ఉంటారు.

తర్వాతి వారం స్కూల్లో 'ఆరోగ్యంగా తిందాం' అని పెద్ద సభ పెట్టారు. సభ ఖర్చంతా పెట్టుకున్నదెవరో తెలుసా? ఆ యాప్ కంపెనీయే! పిల్లల్ని ఇళ్ళల్లో కూర్చోబెట్టి వేయించిన చికెన్ మేపేవాళ్ళే, వాళ్ళ స్కూలుకొచ్చి కూరగాయల గురించి చెబుతారట. హాలు గోడలకి క్యారెట్ల బొమ్మలు, ఆకుకూరల బొమ్మలు. ప్రతి బొమ్మ కిందా కంపెనీ గుర్తు. మామూలు రోజుల్లో ఇళ్ళకి బయల్దేరేదాకా ఫోన్లు క్లాసు టీచర్ల బీరువాలో ఉండాలి. ఆ రోజు మాత్రం చివరి పీరియడ్ అయ్యీ కాగానే ఇచ్చేసి, ఆ కంపెనీ యాప్ లేనివాళ్ళచేత ఎక్కించారు, ఎందుకంటే సభ చివర ఆరోగ్యం మీద క్విజ్ ఉంది, క్విజ్ ఆ యాప్‌లోనే ఆడాలి, గెలిస్తే బహుమతి కూపన్లు. ఎందుకు కూపన్లు? తిండి తెప్పించుకోడానికి! హెడ్మిస్ట్రెస్‌కి ఇందులో వింత ఏమీ కనపడలేదు. కొత్త కుర్చీలు వచ్చాయని ఆవిడ ఆనందం ఆవిడది.

ఉపన్యాసం పిచ్చుక తల్లిది. "మీ స్కూల్లోనే నా స్పీచ్! ముందు వరసలో కూర్చో," అని పొద్దున చెప్పినప్పటి నుంచి పిల్ల కాలు నేల మీద నిలవలేదు. తల్లి ఆ స్కూల్లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. పేరెంట్స్ మీటింగులకి ఒక్కదానికీ ఆవిడకి తీరిక దొరకలేదు, కాబట్టి ఎవరి తల్లో కూడా అక్కడ ఎవరికీ తెలీదు. ఏమైతేనేం, ఆ రోజు అయిదింటికి అమ్మ ఎదురుగా ఉంటుంది.

తల్లి బాగానే మాట్లాడింది. మాట్లాడటం ఆవిడకి చెప్పాలా! "మీ పళ్ళెంలో సగం కూరగాయలుండాలి. దాహమేస్తే నీళ్ళు తాగండి, రంగునీళ్ళు కాదు. ఇంకో ముఖ్యమైన మాట. తినమని ఫోన్ చెప్పకూడదు, మీ పొట్ట చెప్పాలి. పొట్ట మాట వినండి..."

అప్పుడే అయిదయింది, హాల్లో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి టింగుమన్నాయి.

పిచ్చుక కూడా ఒళ్ళోని ఫోన్ చూసుకుంది. తనకి రోజూ వచ్చే పిలుపే. స్టేజీ మీద నిలబడి కూడా మర్చిపోలేదే అని నవ్వబోయింది. ఇంతలో వెనక వరసలోంచి ఒక కుర్రాడి గొంతు గట్టిగా చదివింది.

"'ఏంటి పిచ్చుకా, ఇంట్లో ఎవరూ లేరా?' ఒరేయ్, ఎవడ్రా ఈ పిచ్చుక?"

"నాకూ వచ్చిందిరా!"

"నాక్కూడా! నేనూ పిచ్చుకనే!"

"చెప్పు పిచ్చుకా, ఏం తింటావ్?"

హాలంతా నవ్వులు. ఎవరో కిచకిచమని కూశారు, దాంతో వరసలు వరసలుగా అందరూ కూయడం మొదలుపెట్టారు. పిచ్చుకకి ముందు ఏమీ అర్థం కాలేదు. పక్కనున్న పిల్ల ఫోన్‌లోకి తొంగిచూసింది. అవే మాటలు. అటుపక్క పిల్ల ఫోన్లోనూ అవే. తన ముద్దుపేరు, తల దువ్వించుకుంటూ తను చెప్పుకున్న దిగులు, అమ్మ గుండెకి ఆనించుకుని అన్న మాట, అన్నీ ఊరందరి చేతుల్లో వెలుగుతున్నాయి. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది.

స్టేజీ మీద తల్లి ఒక్క క్షణం తడబడి, మాటకారి కాబట్టి వెంటనే తేరుకుంది. "చూశారా, ఎంత సరదాగా ఉందో! ఇవాళే అందరికీ వదిలాం. రాసింది నేనే," అని నవ్వేసింది. ముందు కుర్చీలో కూర్చున్న కంపెనీ అధికారి చప్పట్లు కొట్టాడు. పొట్ట మాట వినమన్న సంగతి అప్పటికే గాలికిపోయింది. పిల్లల వేళ్ళు యాప్‌లో బొమ్మల మీద పరుగెడుతున్నాయి.

పిచ్చుక లేచి నిలబడింది. "మేడమ్, ఒక ప్రశ్న."

కన్నతల్లిని మేడమ్ అంది. తల్లి అది సభామర్యాద అనుకుని ముచ్చటపడి, "అడగమ్మా," అంది.

"ఈ మాటలు మీకెక్కడ దొరికాయి?"

"ఇంట్లోనేనమ్మా. ఆఫీసులో కూర్చుని ఎంత ఆలోచించినా రావు. ఇంట్లో పలికే మాటే మనసుకి తగులుతుంది."

"ఇది పనిచేస్తుందని ముందే ఎలా తెలుసు?"

ఈ ప్రశ్నకి అధికారి కూడా మెచ్చుకోలుగా వెనక్కి తిరిగి చూశాడు. తల్లి ఉత్సాహంగా చెప్పుకుపోయింది. "ముందు కొన్ని ఫోన్లకే పంపి చూస్తాం. ఎవరివో మాకు కనపడవు, ఒకటో ఫోన్, రెండో ఫోన్ అని వరస నంబర్లే. అందులో ఒక ఫోన్ ఉంది చూడండీ, వచ్చిన ప్రతిరోజూ తెరిచింది. తెరిచిన ప్రతిసారీ ఆర్డరిచ్చింది. ఒక్కరోజు తప్పలేదు! దాన్ని చూసే మాకు ధైర్యమొచ్చింది."

"ఆ ఫోన్ నాదమ్మా."

కూతలు ఆగిపోయాయి. మేడమ్ కాస్తా అమ్మ అయిందని హాలంతటికీ వినిపించింది.

"నువ్వు నన్ను పిలుస్తున్నావనుకున్నాను," అంది పిచ్చుక. "రోజూ నన్నొక్కదాన్నే పిలుస్తున్నావనుకుని తిన్నాను."

తల్లి నోరు తెరిచింది గానీ ఎప్పుడూ ఆదుకునే మాటలు ఆ పూట ఒక్కటీ రాలేదు. హెడ్మిస్ట్రెస్ గబగబా లేచి ప్రశ్నలకిక టైం లేదంది. అధికారి మైకు అందుకుని, "ఇప్పుడు మనందరం ఎదురుచూస్తున్న క్విజ్!" అన్నాడు. ఒక పిల్ల అందరిముందూ గుండె చీల్చుకుంటే క్విజ్ పెట్టుకున్నారు. ఏమనాలి వీళ్ళని?

వరండాలో మంచినీళ్ళ కుళాయిల దగ్గర తల్లి కూతుర్ని అందుకుంది.

"నీ నంబరు ఇంకా అందులో ఉందని నాకు గుర్తే లేదే! నా మీద ఒట్టు, నిజంగా గుర్తు లేదు."

"నా మాట గుర్తుందిగా!" పిచ్చుక గొంతు వరండా చివరిదాకా వినపడింది. "నేను ఏడుస్తూ చెప్పింది అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. చెప్పింది ఎవరో మర్చిపోయావ్."

"అలా అనకే. ఆ వారం కొత్తది ఇవ్వకపోతే ఊరుకోమన్నారు. ఏం రాసినా బాలేదంటున్నారు. నువ్వు చెప్పింది నా బుర్రలోంచి పోలేదు, రాసేశాను. నీ మీద ప్రేమతోనే రాశాను."

"నామీద ప్రేమైతే నాకు చెప్పాలి. వాళ్ళకమ్ముతావా?"

తల్లి చిన్న గొంతుతో, "డాక్టరు దగ్గర ఎందుకు చెప్పలేదే ఈ సంగతి?" అంది.

"నిన్ను తిడుతుందని."

ఆ మాటకి తల్లి కుళాయి గట్టు పట్టుకుని ఏడ్చేసింది. పిచ్చుక ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలి? నోరు కట్టుకోవాల్సింది తను, మాత్రలు మింగాల్సొస్తే మింగేది తను, పైగా ఓదార్పు కూడా తనేనా? గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది.

తల్లి కళ్ళు తుడుచుకుని ఆఫీసుకి ఫోన్ చేసింది. "ఆ అయిదింటి మెసేజ్ సంగతి... ఆఁ, ఆఁ, చూశాను... అంతమంది తెరిచారా?... సంతోషమేనండీ, కానీ దాన్ని ఆపాలి... అర్థమైంది, ఆపలేరా... పోనీ ఒక్క పని చెయ్యండి. అందులో పిచ్చుక అన్న మాట తీసేయండి. తీసేసి బంగారం అనో కన్నా అనో పెట్టండి. మా అమ్మాయి నంబరు కూడా లిస్టులోంచి తీసేయండి. ఆఁ, మిగతాది అలాగే ఉండనివ్వండి. థాంక్సండీ."

ఫోన్ పెట్టేసి, గండం గడిచినట్టు ఊపిరి తీసుకుంది. "తీసేస్తున్నారు. రేపట్నుంచి నీ పేరు రాదు. నీ నంబరుక్కూడా రాదు."

"మిగతావాళ్ళకి?"

"అది నా చేతుల్లో లేదే."

"రాసింది నీ చేత్తోనేగా!" అనేసి పిచ్చుక గేటు వైపు నడిచింది. తల్లి వెనకాలే వచ్చింది.

గేటు ముందు రోడ్డు కనపడటం లేదు. తిండి సంచులు వేసుకొచ్చిన బండ్లు అడ్డదిడ్డంగా ఆగి ఉన్నాయి. బండ్లవాళ్ళు ఆర్డరు నంబర్లు అరుస్తున్నారు, పిల్లలు ఎగబడి అందుకుంటున్నారు, గేటు కాపలామనిషి ఎవర్ని ఆపాలో తెలీక ఈల ఊదుతున్నాడు. హాల్లో క్యారెట్ల బొమ్మల కింద కూర్చుని ఇచ్చిన ఆర్డర్లే అవన్నీ. వేయించిన నూనె వాసన గేటు దాటి లోపలిదాకా వస్తోంది.

ఆ గుంపులోంచి చిన్న క్లాసు పిల్లొకతి, సంచి రెండు చేతులా గుండెకి హత్తుకుని, వీళ్ళ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ, ఆ మెసేజ్ రాసింది మీరేనటగా! నాకెంత నచ్చిందో. మా ఇంట్లో కూడా చీకటి పడేదాకా ఎవరూ ఉండరు. రేపు కూడా పిలుస్తారా ఆంటీ?"

తల్లి ఆదుకోమన్నట్టు కూతురి వైపు చూసింది. పిచ్చుక తల వంచుకోలేదు.

"నిన్నే అడుగుతోంది. చెప్పమ్మా," అంది.